బ్యాగు మీద ఊరి పేరు

బాపు ఫోన్ చేసినప్పుడు నేను సిరిసిల్ల బడిలో పాఠం చెబుతున్నాను. "బిడ్డా, మన తెలుగు సారు పోయిండు. పొద్దుగాల చాయ్ తాగి, గా కుర్చీల్నే..." అని ఆగిపోయాడు. పిల్లల ముందే ఏడ్చేశాను. సాయంత్రం జగిత్యాల బస్సెక్కాక మాత్రం సారు మాటలు గుర్తొచ్చి నవ్వాపుకోలేకపోయాను. ఆయన్ని తలుచుకుని నవ్వని వాళ్లు మా ఊరు మల్యాలలో లేరు.

ఆయన చేతిరాత ముత్యాలు. గల్ఫ్ పోయే ప్రతివాడూ ముందురోజు బ్యాగు తెచ్చి, పేరు రాయమని సారు అరుగు మీద పెట్టేవాడు. సారు తెల్ల పెయింటుతో ఊరి పేరు జానెడెత్తు అక్షరాల్లో రాసేవారు. మనిషి పేరు మాత్రం కింద మూలకి, చీమల బారులా. "నా పేరు పెద్దగ రాయి సారూ" అంటే, "నీ పేరు నువ్వు మర్శిపోవు గదరా!" అనేవారు.

బాపు మస్కట్ పోయినప్పుడు నాది ఆరో తరగతి. మా బోరు ఎండి, పొలం బీడుపడ్డ ఏడు అది. ఒకరోజు పాఠంలో 'వలస' అనే మాట వచ్చింది. పుస్తకం వెనక అర్థం చూస్తే, 'వేరే దేశం పోయి స్థిరపడడం' అని ఉంది. అంటే బాపు ఇక రాడన్నమాట! బల్ల మీద తల పెట్టుకుని ఒకటే ఏడుపు.

సారు సంగతి అడిగి నా పక్కనే కూర్చున్నారు. "పిచ్చి బిడ్డ! గది ఎప్పటి మాటనో ఎర్కేనా? ఎనకట రాజుల దండు అస్తుందంటె ఊరుఊరంత ముల్లెమూట గట్టుకొని పోయెటోళ్లు. గదే వలస. దండు పోంగనే మల్ల అచ్చెటోళ్లు. మీ బాపుకు బోరు ఎండుడే దండు. గీ స్థిరపడుడు ఎనకనుంచి అంటిచ్చిండ్రు." నా పెన్సిలు తీసుకుని ఆ 'స్థిరపడడం' కొట్టేశారు. సర్కారు పుస్తకంలో సారే గీత గీసేసరికి నా ఏడుపు పోయి భయం పట్టుకుంది.

మూడో ఏట బాపు వచ్చాడు. బ్యాగు తెరిస్తే అన్నీ చంటిపిల్లల గౌన్లు, పాలసీసాలు! అదే విమానంలో వచ్చిన పక్కవాడ మామ బ్యాగు అది. పెద్దగా 'మల్యాల' అని కనబడగానే బాపు భుజానేసుకొచ్చేశాడు. అప్పటికే మా టేపురికార్డరు మామ ఇంట్లో పాడుతోంది. అమ్మ పోయి సారుని దులిపేసింది. ఆయన కడుపు పట్టుకుని నవ్వారు. "మనిషి తప్పిండు గని, ఊరైతె తప్పలే గదమ్మా!"

బాపు మరో రెండుసార్లు పోయాడు, రెండుసార్లూ వచ్చాడు. బోరులో నీళ్లు పడ్డాక ఇక పోలేదు. నేను తెలుగు టీచరునయ్యాను. 'వలస' వచ్చినప్పుడల్లా పిల్లలకి దండు సంగతి చెబుతాను. ఆ పెన్సిలు గీత లేకపోతే ఆ మూడేళ్లు ఎలా గడిచేవో నాకు తెలియదు.

సారు దినాలకు గల్ఫ్ పోయొచ్చిన వాళ్లంతా తలా ఇన్ని బియ్యం తెస్తామన్నారు. బాపు అటక మీది పాత బ్యాగు దించి, మా పొలం బియ్యం నింపి భుజానికెత్తుకున్నాడు. మూలనున్న ఆయన పేరు ఎప్పుడో చెరిగిపోయింది. పోయి చూస్తే సారు అరుగు నిండా అలాంటి బ్యాగులే. ఏది ఎవరిదో తెలియదు, అన్నిటి మీదా మల్యాలే. బాపు తన బ్యాగు వాటి పక్కన దించి, కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. "ఇగ పోయెటప్పుడు ఎవలిది ఎవలు తీస్కపోతరో!"