ఆడి నెలలో మా మామ పట్టిన గాలి

గాలికి వాసన ఉండదని బళ్లో చెప్పారు. నేను మాత్రం ఒప్పుకోను. మొన్న ఆవడి స్టేషను పక్కన పంక్చరు కొట్లో నా స్కూటీకి గాలి పట్టించుకుంటుంటే, పైపు ఊడదీయగానే పాదాల మీదికి బుస్సుమని వెచ్చటి గాలి కొట్టింది. కాగిన నూనె, ఎండకు మెత్తబడ్డ రబ్బరు, కొంచెం దుమ్ము. "చాలా అక్కా?" అని కొట్టతను అడుగుతూనే ఉన్నాడు, నేను కడంబత్తూరులో మా అవ్వ వాళ్లింటి ముందు, మునిరత్నం మామ జీపు పక్కన, పావడా ఎగదోపుకుని నిలబడిపోయాను.

మునిరత్నం మామ మా అమ్మకు తమ్ముడు. తోటల నుంచి పూల గంపలు తిరుత్తణికి తోలే పాత జీపు ఆయనది. దారి ఉన్నచోట ఎవడైనా తోలతాడు, దారి లేనిచోట తోలేదే జీపు అనేవాడు. ఏటి ఇసుకలో దిగే ముందు చక్రాల్లో గాలి కొంత తీసేయాలి, అప్పుడు టైరు వెడల్పుగా పరుచుకుని కూరుకుపోకుండా పోతుంది. అవతలి గట్టెక్కాక మళ్లీ నింపుకోవాలి, లేకపోతే గట్టి రోడ్డు మీద టైరు నలిగి పాడవుతుంది. చేతి పంపు కొట్టీ కొట్టీ రెక్కలు పడిపోయిన మామ, తుక్కుకు వచ్చిన ఒక కారులోంచి ఏసీ కంప్రెసరు ఊడదీయించి తెచ్చి, జీపు ఇంజిను పక్కన బిగించి, ఇంజినుతో పాటు అదీ తిరిగేట్టు బెల్టు వేశాడు. కారులో చల్లదనం కోసం గ్యాసును నొక్కిన మిషను మా ఊరి గాలిని నొక్కి పైపులోకి తోయడం మొదలుపెట్టింది. నూనె లేకపోతే పట్టేస్తుందని దానికి అప్పుడప్పుడు కాస్త నూనె పోసేవాడు. పోసినదాంట్లో సగం గాలితో పాటే బయటికి చిమ్మి మా అందరి బట్టల మీదా పడేది.

ఏసీ అన్న మాట వినగానే మా అవ్వ కొంగు సర్దుకుని వచ్చి, కళ్లు మూసుకుని, పైపు ముందు మొహం పెట్టింది. తరవాత మొహమంతా నూనె చుక్కలతో వెనక్కి తిరిగి, "ఇదేం ఏసీరా నాయనా, పొయ్యి కాడ కూచున్నట్ల ఉండాది! ఆడి గాలికి సన్నికల్లే ఎగిరిపోతాదంటారు, నువ్వేమో దాన్ని పట్టి టైర్లో పెడతా ఉండావు" అంది. మేము పిల్లలం నేల మీద పడి దొర్లాం.

ఆడి అంటే మా తమిళనాడు ఆషాఢం; ఆ నెల గాలంటే అదొక పండగ. వాకిట్లో ఊడ్చిన చెత్త ఊడ్చిన మనిషి మీదికే తిరిగొచ్చేది, ఆరేసిన చీరలు పక్కింటి చింతచెట్టెక్కేవి, వీధి చివర అమ్మవారి గుడి దగ్గర పెద్ద గుండిగల్లో రాగి అంబలి పోస్తుంటే చెంబులు పట్టుకుని ఎగబడి, ఉల్లిపాయ, మునగాకు వేపుడు నంజుకుని పొట్టలు బిగిసేదాకా తాగేవాళ్లం. మాకంత సంబరం, మామకు మాత్రం చెర. ఎందుకంటే ఆ ఏడు ఆడికి రెండు నెలల ముందే, వైకాసిలో, ఆయన పెళ్లయింది. కొత్త పెళ్లికూతురు ఆడి నెలంతా పుట్టింట్లో ఉండాలి, కొత్త అల్లుడు అత్తవారింటి గడప తొక్కకూడదు. ఫోన్లు ఇంకా అందరి చేతుల్లోకి రాలేదు. వల్లి అత్తను వాళ్ల నాయన వచ్చి తీసుకుపోయిన రోజు నుంచీ మామ అన్నం ముందు కూర్చుని మెతుకులు లెక్కపెట్టేవాడు.

అత్త వాళ్ల ఊరు ఏటికి అవతలి గట్టున. ఆదివారం రాగానే, "పిలకాయల్ని ఏటికి తోడ్కోని పోతా" అని మామ మమ్మల్నందరినీ జీపులో కుక్కేవాడు. ఇసుక దాటి గట్టెక్కితే గాలి పట్టుకోవాలి కదా, పట్టుకోవడానికి ఆయనకు దొరికిన స్థలం సరిగ్గా అత్త వాళ్ల వాకిలి! గడప తొక్కలేదు, వీధిలోనే ఉన్నాడు, ఎవరేమంటారు? బెల్టు జారేది, పైపు కీళ్ల దగ్గర గాలి కారేది, ఒక్కో చక్రం నిండేసరికి ఒక యుగం. ఆ యుగమంతా అత్త తలుపు చాటున నిలబడి నా చేత మజ్జిగ గ్లాసులు పంపేది. ఇంజిను మోతకు ఊరి పిల్లలు సైకిళ్లు, బంతులు, ఈతకు పోయే లారీ ట్యూబులు దొర్లించుకుంటూ వస్తే, మామ ఎవరినీ కాదనకుండా అన్నిటికీ గాలి పట్టేవాడు. ఇదంతా అరుగు మీద కూర్చున్న అత్త వాళ్ల నాయన ఆకు నములుతూ చూసేవాడు. ఆయన నవ్వగా నేను చూడలేదు. ఆయన్ని చూస్తే మాకందరికీ హడలు.

నడమంత్రపు తెలివి మా మామది. మిషను బాగుచేయాలని బుద్ధి పుట్టింది. కొత్త బెల్టు వేశాడు, కీళ్లన్నీ బిగించాడు. ఆ ఆదివారం నాలుగు చక్రాలూ చకచకా నిండిపోయాయి, అత్త మజ్జిగ చిలికి తెచ్చేలోపలే! ఊరి పిల్లలేమో పక్కూరి జాతరకు పోయారు. ఒక్క సైకిలూ రాలేదు. చేయడానికి పని లేదు, నిలబడటానికి సాకు లేదు. మామ నిండిన టైరునే మళ్లీ తన్ని చూశాడు. తలుపు చాటున అత్త చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. నాకు ఏడుపొచ్చేసింది.

అరుగు మీది పెద్దాయన లేచి దొడ్లోకి వెళ్లాడు. కాళ్లు కడుక్కుందామని వెనకే పోయిన నేను చూశాను: టైరు చక్రాల ఎద్దుల బండి పక్కన గొంతుక్కూర్చుని, వేపపుల్లతో గాలి మూతి నొక్కి పట్టుకుని ఉన్నాడు. టైరు చుయ్యిమంటూ కుంగిపోతోంది. నన్ను చూసి ఉలిక్కిపడ్డాడు. "నోరు మెదిపినావంటే చూడు" అని వేలు చూపించి, రెండో చక్రం దగ్గరికి జరిగాడు.

కాసేపటికి జీతగాడి చేత బండిని వీధిలోకి ఈడ్పించి, "ఏమయ్యా! ఊరోళ్ల సైకిళ్లకంతా పడతావు, మా బండి కంటికి ఆనలేదా? పట్టి పో" అని మామను గద్దించాడు. మామ గబగబా పైపు లాగాడు. పెద్దాయన ఇంట్లోకి తిరిగి, "అమ్మే వల్లీ! యాడుండావు? వచ్చి ఆ పైపు పట్టుకో, ఊడి ఊడి వస్తా ఉండాది" అని అరిచి, అరుగు మీద అటువైపు తిరిగి కూర్చున్నాడు.

ఆ పైపు ఊడి రావడం లేదు. అత్త గడప దిగి వచ్చి, తల వంచుకుని రెండు చేతులా దాన్ని పట్టుకుంది. మామ పక్కనే కూర్చుని ఏదో అన్నాడు. ఇంజిను మోతలో నాకు వినబడలేదు గానీ, అత్త బుగ్గ మీద నూనె చుక్కలు పడుతున్నా తుడుచుకోకుండా నవ్వింది. ఆ చక్రాలు ఎంతకీ నిండలేదు.

పెద్దాయన పోయి చాలా ఏళ్లయింది. పోయినేడు తిరుత్తణిలో వల్లి అత్తను కలిసినప్పుడు, ఇన్నాళ్లూ దాచిన సంగతి చెప్పేశాను. అత్త పకపకా నవ్వి, "నాకు తెలీదా పాపా? ముందురోజే ఆ బండికి మా తమ్ముడు గాలి పట్టించుకోని వచ్చినాడు" అంది. ఆనాటి నూనె చుక్క ఇంకా ఉన్నట్టు బుగ్గ తుడుచుకుంటూ, "మా నాయన" అంది.

ఇప్పుడు ఆ ఏట్లో ఇసుక లేదు, లారీలు ఎత్తుకుపోయాయి. వంతెన కట్టారు, ఏరు ఎప్పుడు దాటామో కూడా తెలియదు. ఆడి నెలలో కొత్త జంటలు ఒకే రైలెక్కి ఆఫీసులకు పోతున్నారు, పోనీ, మంచిదే. ఆచారం పట్టినవాళ్లూ ఉన్నారు, అడ్డంగా అరుగు మీద కూర్చునే పెద్దలూ ఉన్నారు. అరుగు మీంచి లేచి, దొడ్డిదారిన పోయి, తమ బండి గాలి తామే తీసేసి వచ్చే పెద్దలే ఎక్కడా కనబడటం లేదు.