కూర్మమ్మ గాలం

ఒక్క మాట చెప్తే సరిపోయేది. ఆ మాట కూర్మమ్మ కొండబాబుకి ఎందుకు చెప్పలేదు? రెండేళ్లయింది. ఇప్పటికీ నాకు తెలీదు.

రాజాం లైబ్రరీలో ఉద్యోగం చేసి రిటైరయ్యాక, ఎండాకాలం పొద్దుటి పూటలు నేను మా ఊరి జలాశయం గట్టు మీదే గడుపుతున్నాను. నారాయణమ్మ టీ పాకలో ఒక బెంచీ ఉంది. పదకొండు దాకా అక్కడ గాలి చల్లగా వస్తుంది. ఒళ్లో పుస్తకం ఉంటుంది గానీ నీళ్లకేసి చూడ్డమే ఎక్కువ. మే నెలకి నీరు బాగా లాగేస్తుంది. డ్యాము కట్టినప్పుడు మునిగిపోయిన పాత ఊరి మొండిగోడలు ఒక్కొక్కటీ బయటపడతాయి.

ఆ గోడల దగ్గరే మొదటిసారి ఆమెను చూశాను. యాభై దాటిన మనిషి. చీర ఎగ్గట్టి మోకాటి లోతు నీళ్లలో నిలబడి ఉంది. చేతిలో పొడుగాటి వెదురు గెడ, దానికి టంగూసు నైలాను దారం, కొసన గాలానికి గుచ్చిన బతికున్న కప్ప. ఆమె ఆ కప్పని విసరడం లేదు. నీటి మీద అదే గెంతుతోందా అన్నట్టు ఆడిస్తోంది. అరగంటసేపు గెడ తప్ప ఇంకేమీ కదల్లేదు. ఒకచోట నీటి మీద చిన్న బుడగ లేచింది. కప్ప అటు రెండు గెంతులు గెంతింది. దభీమని చప్పుడు. గెడ కొస వెళ్లి నీళ్లని తాకింది.

నారాయణమ్మ టీ వడకట్టడం మానేసి చూసింది. "ఓలమ్మో, ఎవులిది? మొగోళ్లు వలేసినా దొరకని కొర్రమీనుని కర్రతో లాగీసింది!"

పేరు కూర్మమ్మ. శ్రీకూర్మం దాటాక వచ్చే సముద్రపొడ్డు పల్లె. కొడుకులు మరబోటు మీద వేటకి వెళ్తే, వచ్చిన చేపల్ని ఈమె గంపకెత్తి ఊళ్లమ్మట అమ్ముతుంది. ఏప్రిల్ మధ్య నుంచి జూన్ మధ్య దాకా చేపలు గుడ్లు పెట్టే కాలమని సర్కారు బోట్ల వేట ఆపేస్తుంది. అందుకని ఇక్కడున్న చెల్లెలింటికి వచ్చింది.

"సేపలకి పురుటి సెలవు మాస్టారూ," అంది బెంచీ చివర కూర్చుని టీ ఊదుకుంటూ. "మాకు ఖాళీ గంప. సెల్లి ఏటీ అనదు. మరిదీ అనడు. ఊరికే తింటన్నానని నాకే ముద్ద దిగదు. ఈ నీళ్లలో రోజుకో సేప దొరికితే సాలు, సెలవైపోయేదాకా తలెత్తుకుని ఉంటాను."

ఆ పూటే కొండబాబు వచ్చాడు. జలాశయంలో చేపలు పట్టుకునే హక్కున్న సొసైటీకి అతను ప్రెసిడెంటు.

"అప్పా, ఇది సొసైటీ నీరు. బయటోళ్లు పట్టకూడదు."

"వలెయ్యలేదు గదా తమ్ముడా. కర్రే గదా."

"కర్రయినా రూలు రూలే."

"నీ రూలుకి కాళ్లున్నట్టున్నాయి. సముద్రం కాడి నుంచి నా ఎనకాలే వచ్చీసింది."

పాకలో అందరూ నవ్వారు. కొండబాబుకీ నవ్వాగలేదు. కాసేపు తల గోక్కుని ఒక మాట అన్నాడు. మొండిగోడల్లో ఒక పెద్ద కొర్రమీను ఉందట. సొసైటీ వాళ్లు వదిలిన చేపపిల్లల్ని మింగేస్తోంది. గోడలకి చిరిగిపోతాయని అక్కడ వల వెయ్యలేరు.

"ఆదివారం లోగా దాన్ని తెచ్చి సూపించు. ఈ సెలవు మొత్తం నీ గాలానికి అడ్డు లేదు. తేలేకపోతే కర్ర సుట్టీసుకోవాల."

"సరే," అంది కూర్మమ్మ.

మొదటి రెండు రోజులు ఆమె నీళ్లలోకే దిగలేదు. గోడ మీద కూర్చుని చూసింది. "దానికి నీళ్లలో గాలి సాలదు మాస్టారూ. మనలాగ పైకొచ్చి పీల్సుకోవాల. ఎక్కడొస్తందో, ఎంతసేపటికొస్తందో తెలిస్తే సగం పనయినట్టే." వాళ్ల నాన్న చిన్నప్పుడు ఉప్పుటేరు పక్క మడుగుల్లో నేర్పాడట. మూడో రోజు దారం తెగింది. నాలుగో రోజు కప్ప ఒక్కటే పోయింది.

"ఏటప్పా, కప్పలకి ఈత నేర్పుతన్నావేటి?" అని తెప్ప మీంచి అరిచాడు సొసైటీ మనిషి గంగులు.

"నీకు నేర్పడం కన్నా సులువే గదరా!"

ఆదివారం నేను గొడుగు వేసుకుని గట్టు దిగి దగ్గరకే వెళ్లి కూర్చున్నాను. తొమ్మిదిన్నరకి పడింది. పాత ఇంటి గుమ్మం రాళ్ల మధ్య నుంచి వచ్చి కప్పని అందుకుంది. కూర్మమ్మ లాగలేదు. అది గోడ వైపు పోకుండా అడ్డుకుంటూ, వెనక్కి వెనక్కి నడిచి, బురదలోకి తెచ్చేసింది. మూరెడు పొడుగు, నల్లటి వీపు, పాము తల. ఆమె బురదలోనే చతికిలబడి నవ్వింది. అన్నాళ్లలో అంతలా నవ్వడం అప్పుడే చూశాను.

ఆ నవ్వు ఉన్నట్టుండి ఆగింది.

గుమ్మం రాళ్ల దగ్గర నీళ్లు ఎర్రబడ్డాయి. పళ్లెమంత మేర వందల ఎర్రటి చేపపిల్లలు, అగ్గిపుల్ల కన్నా పెద్దవి కావు, పైకి లేచి అక్కడక్కడే సుడి తిరుగుతున్నాయి. ఎటు పోవాలో వాటికి తెలీడం లేదు.

"సూడకుండా ఏసీసినాను," అంది నెమ్మదిగా. "ఎండ మెరుపుకి కానరానేదు."

"అది తల్లా?"

"తల్లో, తండ్రో. కాపలా కాసేది ఇదే."

ఆమె గట్టు మీది పాకకేసి ఒకసారి చూసింది. అక్కణ్ణించి మేం కనబడం, గోడ అడ్డు. తరవాత చేప నోట్లోంచి గాలం వొడుపుగా తీసింది. రెండు చేతులా ఎత్తుకుని నీళ్లలోకి నడిచి, దాన్ని ఆ రాళ్ల దగ్గరే వదిలింది. ఎర్ర గుంపు కదిలి దాని మీదకి చేరింది.

"దీనికీ సెలవే గదా మాస్టారూ," అని చేతులు కడుక్కుంది.

పాకలో కొండబాబు కాసుకుని ఉన్నాడు. "ఏటయ్యిందప్పా?"

"దొరకనేదు తమ్ముడా."

సగం చెప్పినా అతను ఇంకో వారం గడువిచ్చేవాడే. మంచివాడు. లేక, చోటు తెలిస్తే ఎవరో ఒకరు ఆ ఎర్ర గుంపు దగ్గర గాలం వేస్తారని ఆమె భయమా? నేనైనా చెప్పి ఉండొచ్చు. ఆమె దాచిన మాట నేనెలా విప్పను?

"మాటంటే మాటే మరి," అన్నాడు కొండబాబు, నేలకేసి చూస్తూ.

"అంతే గదా," అని ఆమె దారం గెడకి చుట్టుకుంది.

ఎందుకు చెప్పలేదో టీ తాగుతూ అడుగుదామనుకున్నాను. లేచి వెళ్లి రెండు గ్లాసులు పట్టుకుని తిరిగేసరికి బెంచీ ఖాళీ. ఆమె గెడ భుజాన వేసుకుని గట్టు మీద చెల్లెలింటి వైపు నడుస్తోంది. అటునుంచే మధ్యాహ్నం బస్సెక్కి తన పల్లెకి వెళ్లిపోయిందని తరవాత తెలిసింది. వెనక్కి చూస్తుందేమోనని మలుపు దాకా చూశాను. చూడలేదు. బెంచీ కింద, ఆమె తడికాళ్ల మచ్చ పక్కన, ఎర డబ్బాలోంచి ఆమె వదిలేసిన కప్పలు రెండు నీళ్లు ఎటున్నాయో వెతుక్కుంటున్నాయి.