ఎం. నారాయణప్ప చేతిలో ఎం. నారాయణప్ప ఓటమి

ఊరందరి ముందు మైకు పట్టుకుని ఒక పెద్దమనిషి పరువు తీసి, బడిపిల్లలకు రావలసిన ఆటస్థలాన్ని ముప్పావు గంటలో పోగొట్టిన మేధావిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే చింతించకండి, ఇది ఆయన రాస్తున్నదే. ఆ రోజు నాకు శాలువా కూడా కప్పారు. కార్యక్రమానికి ముందే కప్పేశారు కాబట్టి దక్కింది, తర్వాతైతే దానితోనే కట్టి పడేసేవాళ్ళు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నేను హోసూరు బస్టాండు వెనక ఒక మేడ మీద కంప్యూటర్ సెంటరు నడిపేవాణ్ణి. సెంటరంటే మూడు కంప్యూటర్లు, ఒక ఫ్యాను, నేను. అప్పట్లో కంప్యూటర్ తెలిసినవాడంటే జనానికి అదో భక్తి. పిల్లకు ఏ చదువు అచ్చొస్తుంది అన్న దగ్గర్నుంచి ఆవు ఎప్పుడు ఈనుతుంది అన్నదాకా నన్నే అడిగేవాళ్ళు. తెలియదు అనే మాట నా నోట రావడం నాకే ఇష్టం ఉండేది కాదు. మీసాలు సరిగా రాకముందే నాకు సర్వజ్ఞత వచ్చేసింది.

మా ఊరు తమిళనాడు సరిహద్దులో, బేరిగై పక్కన. చుట్టుపక్కల ఊళ్ళన్నీ కబడ్డీ ఆడుకుంటుంటే మా ఊరికి మాత్రం బాస్కెట్‌బాల్ పిచ్చి. ఎప్పుడో ఎక్కడినుంచో వచ్చిన ఒక డ్రిల్లు మాష్టరు రెండు రాతి కూసాలు పాతించి, వాటికి ఇనుప రింగులు బిగించి, ఈ జబ్బు అంటించి పోయాడు. మా ఊరు తాలూకా కప్పు రెండుసార్లు గెలిచింది. మొదటిసారి, అప్పటికి నలభై అయిదేళ్ళ కిందట, మా తాతల తరం టీము. రెండోసారి, తొంభైల చివర, మా టీము. మా టీము అని ధైర్యంగా అంటున్నాను కానీ నేను ఆడింది ఎక్కువగా బెంచీ మీదే.

ఈ రెండు టీముల్లో ఏది గొప్పది అన్నదే టీకొట్టు దగ్గర రోజూ రగిలే గొడవ. మట్టిలో, చెప్పుల్లేకుండా, తోలు బాలుతో ఆడినాము, మీకు చేతనవుతుందా అని తాతలు. మా మాదిరి ఎగరండి చూద్దాం అని మేము. తేల్చుకుందామంటే ఒక టీముకు మోకాళ్ళు లేవు.

తాతల టీముకు కెప్టెన్ నారాయణప్ప. ఊళ్ళో పెద్ద రైతు, అందరూ పెద్దాయన అంటారు. జీవితంలో ఒక్క ఫౌలు చెయ్యలేదన్నది ఆయన గొప్ప. అదే టీములో ఆడిన తిమ్మరాయప్ప కొలిమి పెట్టుకుని నాగళ్ళకు కర్రులు సాగగొట్టేవాడు. ఆయనకు మాత్రం గొప్ప లేదు, చెడ్డపేరే ఉంది. కప్పు గెలిచాక తాతల టీము కృష్ణగిరిలో పెద్ద పోటీకి వెళ్ళి, ఫైనలులో ఒకే ఒక్క బుట్ట తేడాతో ఓడిపోయింది. చివరి నిమిషంలో రింగు కింద గుంపులో బాలు తిమ్మరాయప్ప చెయ్యి జారి సొంత బుట్టలో పడిందని ఊరంతా తీర్మానించింది. అప్పటినుంచి మా ఊళ్ళో ఎవరి చేతిలోంచి చెంబు జారినా తిమ్మరాయప్ప పేరే ఎత్తేవాళ్ళు. ఆయన వినీ విననట్టు సమ్మెట వేసుకుంటూ ఉండేవాడు.

ఇక మా టీము కెప్టెన్ పెద్దాయన మనవడు, నా స్నేహితుడు. వాణ్ణి చిన్నా అని పిలుస్తాం. మా పక్క మొదటి మనవడికి తాత పేరు పెట్టడం ఆచారం. ఇంటిపేరు రాసే అలవాటు లేదు, తండ్రి పేరులోని మొదటి అక్షరమే ముందు పెట్టుకుంటాం. పెద్దాయన తండ్రి మునియప్ప. ఆచారం ప్రకారం పెద్దాయన కొడుకూ మునియప్పే. కాబట్టి తాత ఎం. నారాయణప్ప, మనవడూ ఎం. నారాయణప్ప. ఊళ్ళో దీనివల్ల ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. మనిషి మొహం తెలియని వస్తువు ఊళ్ళోకి వస్తేనే ఇబ్బంది. దాన్ని టెంపోలో ఎక్కించి, ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది నేను.

ఎందుకు తెచ్చానో చెబుతాను. బడికి కొత్త గదులు ఆటస్థలంలోనే కట్టేశారు. రాతి కూసాలు పీకి గోడకు ఆనించారు. పిల్లలు రోడ్డు మీద ఆడుతుంటే బస్సు డ్రైవరు దిగివచ్చి బాలు పట్టుకుపోయాడు. బడిగోడ పక్కనే పెద్దాయనది పదిహేను సెంట్ల రాగిచేను ఉంది. అది ఇస్తే పిల్లలకు సిమెంటు కోర్టు వస్తుంది, ఇవ్వకపోతే ఊళ్ళో బాస్కెట్‌బాల్ మాతోనే ఆఖరు. హెడ్మాష్టరు ఆయన చుట్టూ ఏడాది తిరిగితే, వార్షికోత్సవం నాడు సభ చివర చెబుతాలే అన్నాడు. ఆ రోజు ఆయన్ను సంతోషపెట్టే కార్యక్రమం ఏదైనా ఉండాలని హెడ్మాష్టరు అంటుండగా నేను అక్కడే ఉన్నాను. అదీ ఊరి దురదృష్టం.

తాతల టీమునూ మా టీమునూ కంప్యూటర్‌లో ఆడిస్తానన్నాను. ఏడు ఆటలు, నాలుగు గెలిచినవాళ్ళది పైచేయి. ఒక్కొక్కడు ఆటకు ఎన్ని బుట్టలు వేస్తాడు, ఎన్ని ఫౌళ్ళు చేస్తాడు అన్నది పాత స్కోరు పుస్తకాల్లోంచి ఎక్కిస్తే మిగతాది అదే చూసుకుంటుందన్నాను. పెద్దాయన టీము గెలుస్తుందా అని హెడ్మాష్టరు తమిళంలో గుచ్చి గుచ్చి అడిగాడు. గెలిచి తీరుతుందని నేను మూడు భాషల్లో చెప్పాను. పాత పుస్తకం బీరువాలో దొరికేసరికి సభ రోజు పొద్దెక్కింది. హడావుడిగా పేర్లు కొట్టేశాను. ఒకసారి నడిపి చూద్దామా అని చిన్నా అడిగితే, వీడికేం తెలుసు అన్నట్టు చూశాను.

సభ మొదలైంది. ముందు వరసలో తెల్లపంచె, జరీ కండువాతో పెద్దాయన. వెనక ఎక్కడో తిమ్మరాయప్ప. తెర మీద ఒక్కో వాక్యం పడుతుంటే నేను మైకులో చదవాలి. చదివాను.

ఎం. నారాయణప్ప బాలు పట్టాడు. ఎం. నారాయణప్ప అడ్డం వచ్చాడు. ఎం. నారాయణప్ప దగ్గర్నుంచి ఎం. నారాయణప్ప బాలు లాక్కున్నాడు. తాతా మనవళ్ళ పోరు అనుకుని జనం ఈలలు వేశారు. నేను గొంతు పెంచాను. ఎం. నారాయణప్ప ఎం. నారాయణప్పను తోసేశాడు, ఫౌలు. మళ్ళీ తోశాడు, ఫౌలు. మూడు, నాలుగు, అయిదు. తాతల టీము కెప్టెన్ ఎం. నారాయణప్ప అయిదు ఫౌళ్ళతో అవుట్.

పెద్దాయన కండువా సర్దుకున్నాడు. ఈలలు తగ్గాయి. తెలివైనవాడు అక్కడ కరెంటు పోయిందని చెప్పి వైరు లాగేసేవాడు. నేను రెండో ఆట మొదలుపెట్టాను. అందులో ఇంకో వింత జరిగింది. తాతల టీము ఎం. నారాయణప్ప బుట్ట వేశాడని పడింది, పాయింట్లు మాత్రం మా టీముకు వచ్చాయి. ఒకసారి కాదు, వరసగా నాలుగుసార్లు. గుంపులోంచి ఎవరో అదెట్లా అని అడిగారు. తెలియదు అంటే సరిపోయేది. ఆ మాట నాకు రాదని ముందే చెప్పాను కదా.

"అంటే పెద్దాయన సొంత బుట్టలోనే వేసుకున్నాడని అర్థం" అన్నాను మైకులో.

"నీ మిషన్ సరిగా చెప్తా ఉందా అప్పా?" అన్నారు మళ్ళీ గుంపులోంచి.

"మనుషులు అబద్ధం చెప్తారు. కంప్యూటర్ చెప్పదు."

పెద్దాయన లేచాడు. ఎవరివైపూ చూడలేదు. హెడ్మాష్టరు శాలువా పళ్ళెంతో వెనకాలే పరిగెత్తాడు. రాగిచేను గురించి ఒక్క మాట కూడా లేకుండా ఆయన గేటు దాటిపోయాడు. మా టీము ఏడుకు ఏడూ గెలిచిందన్న వార్త నేను ఖాళీ కుర్చీలకు చదివి వినిపించాను. తర్వాత హెడ్మాష్టరు నన్ను తిట్టిన తమిళంలో సగం మాటలు నాకు అప్పటికి కొత్త.

తప్పు ఎక్కడుందో కనిపెట్టింది చిన్నా. సాయంత్రం వాడు తెర మీద పేర్ల పట్టిక చూస్తూ వేళ్ళు మడిచాడు.

"అయిదు అయిదు పది కదరా, రెండు టీములూ కలిపి తొమ్మిదిమందే ఉండారు. పదో మనిషి యాడ పోయినాడు?"

పదో మనిషి ఎక్కడికీ పోలేదు. ఒకే పేరు రెండుసార్లు వస్తే ఒకే మనిషి కింద లెక్కపెట్టమని, రెండోసారి కొట్టిన వివరాలే ఉంచుకోమని దానికి చెప్పింది నేనే. చిన్నా మంచి ఆటగాడే గానీ తోయకుండా ఉండలేడు, ప్రతి ఆటలోనూ అయిదు ఫౌళ్ళు నింపి బయటికొచ్చేవాడు. వాడి ఫౌళ్ళన్నీ తాత నెత్తికెక్కాయి, తాత బుట్టలన్నీ వాడి టీముకు పోయాయి. కంప్యూటర్ అబద్ధం చెప్పలేదు. నేను దానికి చెప్పాను.

మర్నాడు పొద్దున్నే ఇద్దరం పెద్దాయన ఇంటికి వెళ్ళాం. ఆయన వాకిట్లో రాతి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఒక్కరోజులో పదేళ్ళు మీదపడినట్టున్నాడు. చిన్నాను ఆవులకు గడ్డి వెయ్యమని పంపేశాడు. నేను దారంతా వల్లె వేసుకున్న క్షమాపణ ఎత్తుకున్నాను.

"తాతా, నిన్న జరిగిండేది..."

"కూర్చో వెంకటేశా."

కూర్చున్నాను. ఆయన తన పాదాలే చూస్తూ అడిగాడు.

"దానికి యెవరు చెప్పినారప్పా?"

"దేనికి తాతా?"

"నీ మిషన్‌కు. కృష్ణగిరిలో మన బుట్టలో వేసింది నేనేనని."

ఆయన మెల్లగా చెప్పుకొచ్చాడు. సగం ఆట అయ్యాక బుట్టలు మారతాయి. ఆ గుంపులో, ఆ తొక్కిడిలో ఆయనకు ఆ సంగతి మతికి రాలేదు. బాలు చేతికందింది, ఎదురుగా రింగు కనబడింది, ఎగిరి వేసేశాడు. పక్కనే తిమ్మరాయప్ప చెయ్యి ఎత్తి ఉన్నాడు. అందరూ అతని చెయ్యి చూశారు, ఈయన మాట్లాడలేదు. మర్నాడు చెబుదామనుకున్నాడు. ఆ మర్నాడు నలభై అయిదేళ్ళు సాగింది.

అయ్యా, అది కృష్ణగిరి ఆట కాదు, దానికి కృష్ణగిరి ఎక్కడుందో కూడా తెలియదు, పేర్లు కలిపేసిన గాడిదను నేనే అని చెప్పవలసిన క్షణం అది. కానీ చెబితే, ఈ పెద్దమనిషి తన గుట్టు అనవసరంగా, అదీ నాలాంటివాడి ముందు విప్పుకున్నట్టవుతుంది. పైగా పదిహేను సెంట్లు. ధర్మం, స్వార్థం రెండూ ఒకేసారి నా గొంతు నొక్కాయి. ఏది ఎక్కువ నొక్కిందో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను.

"ఇంకా యేమేమి తెలుసు దానికి?" అన్నాడాయన గొంతు తగ్గించి.

"ఆట సంగతులే తాతా."

"తూరుపు చేని గట్టు సంగతి?"

"దానికి వ్యవసాయం రాదు."

ఆయన ఊపిరి పీల్చుకున్నాడు. చేను బడికి రాసిస్తాననీ, హెడ్మాష్టరుతో చెప్పమనీ, మిషన్ నోరు మాత్రం మూయించమనీ అన్నాడు. మూయిస్తానన్నాను. దాని నోటికీ నా నోటికీ తేడా లేదన్న సంగతి నాకు అప్పటికే అర్థమైంది.

ఆరునెలల్లో సిమెంటు కోర్టు తయారైంది. పాత రాతి కూసాలే పాతారు, రింగులు తిమ్మరాయప్ప కొత్తవి చేసి బిగించాడు. ప్రారంభం రోజు మొదటి బాలు వెయ్యమని పెద్దాయన చేతికిచ్చారు. ఆయన బాలు పట్టుకుని, రెండు బుట్టలవైపూ మార్చి మార్చి చూసి, మైకు అడిగాడు.

"యేది మన బుట్టో ముందే చెప్పండప్పా" అన్నాడు. "ఒకసారి కృష్ణగిరిలో తెలీక మన బుట్టలోనే వేసినాను. తిమ్మరాయుని చెయ్యి జారలేదు. వేసింది నేను. ఈ పిల్లోడి కంప్యూటర్ బయటపెట్టకపోయింటే ఈ పొద్దుకూ చెప్పేవాణ్ణి కాదు."

జనం ఒకసారి నావైపు దేవుణ్ణి చూసినట్టు చూసి, తర్వాత తిమ్మరాయప్పవైపు తిరిగారు. ఆయన రింగు కిందే, చేతిలో స్పానరుతో నిలబడి ఉన్నాడు.

"నాకు ఆ పొద్దే తెలుసు. నీ పక్కనే కదా ఉంటిని" అన్నాడు.

పెద్దాయన మైకు దించాడు. "మరి ఇన్నేండ్లు యేల చెప్పలేదు తిమ్మరాయా?"

"చెప్పినానప్పా, మొదట్లో ఊరంతా చెప్పినాను. యెవురు నమ్మినారు? నాకాడ కంప్యూటర్ యాడుండె?"

జనం నవ్వారు. నవ్వుతూనే చాలామంది తలలు దించుకున్నారు. నేనూ వాళ్ళలో ఒకణ్ణి, చిన్నప్పుడు చెంబు జారితే ఆయన పేరు అరిచినవాళ్ళలోనూ ఒకణ్ణే. ఆ కొత్త సిమెంటు గచ్చు మీద, వేసవి ఎండకు అరికాళ్ళు చురచురలాడుతుండగా, మూడు ఒట్లు పెట్టుకున్నాను. ఒకటి, ఏ తాతనూ ఏ మనవణ్ణీ ఇకమీదట ఒకే కంప్యూటర్‌లోకి ఎక్కించను. రెండు, తెలియనిదాన్ని మైకులో చెప్పను. ఇది కొంచెం కష్టంగానే ఉంది. మూడోది, ఆ మిషన్‌కు ఏమీ తెలియదని నా ప్రాణం పోయినా తిమ్మరాయప్పకు చెప్పను. అన్నేళ్ళకు ఆయనకు దొరికిన సాక్షి అదొక్కటే.