నలభై తొమ్మిది దాటని ఆర్వల్ టాకెట్

పంతొమ్మిది వందల నలభై తొమ్మిది డిసెంబరు ముప్పై ఒకటి తర్వాత లోకంలో పనికొచ్చే వస్తువేదీ తయారు కాలేదని ఆర్వల్ టాకెట్‌కి గట్టి నమ్మకం. ఏది చూపించినా ఆయన అడిగేది ఒక్కటే: "ఏ సంవత్సరంది?"

కారునే కాదు, కాఫీ కప్పునీ అడిగేవాడు. చర్చిలో పాస్టరు కొత్త పళ్ల సెట్టు పెట్టుకుని నవ్వితే ఆ పళ్లనీ అడిగాడు. భార్య నెడీన్ ముప్పై నాలుగులో పుట్టింది కాబట్టి ఆమెకి గండం గడిచింది. మనవరాలు పుట్టినప్పుడు ఉయ్యాలలోకి వంగి చాలాసేపు చూసి, "మోడల్ కొత్తదే, పనితనం మాత్రం పాతకాలంది" అన్నాడు. ఆయన నోట అంతకు మించిన పొగడ్త బేకర్స్‌ఫీల్డ్ ఊళ్లో ఎవరూ వినలేదు.

ఏటా జూన్‌లో జరిగే పాత కార్ల ప్రదర్శనలో హాట్ రాడ్‌ల వరసకి ఆయన ఒకప్పుడు జడ్జీ. పాత ఫోర్డుకి అనవసరమైన రేకులన్నీ ఊడబీకి, పెద్ద ఇంజను బిగించి పందేలకి దించిన బళ్లవి. నలభై తొమ్మిది తర్వాతి బోల్టు ఒక్కటి కనిపించినా వరసలోంచి వెళ్లిపోవాల్సిందే. ఒక ఏడు ఆర్వల్ పద్నాలుగు బళ్లని వరసగా పంపించేశాడు. పదిహేనోదాన్నీ పంపించాడు. అది ఆయన సొంత బండి. బహుమతి కప్పు ఇవ్వడానికి ఎవరూ మిగల్లేదు. దాంతో కమిటీ ఆయన్నే పంపించేసింది.

ఆయన మాత్రం రావడం మానలేదు. చంకలో అట్టముక్క, జేబులో పళ్ల డాక్టరు వాడే అద్దం. అట్ట పరుచుకుని వెల్లకిలా బండి కిందకి దూరేవాడు. పైన యజమాని చెమట తుడుచుకుంటూ నిలబడితే, కింద నుంచి గొంతు: "ఈ క్లిప్పు ఏ సంవత్సరంది?" జడ్జీలు కూడా కాగితం మీద అంకె వేసేముందు ఆయన మొహం ఓసారి చూసేవాళ్లు.

తొంభై ఆరులో గ్రసియేలా మోంతెహానో మొదటిసారి తన బండి తెచ్చింది. తన బండి అనడానికి లేదు. ద్రాక్షతోటల్లో కూలి చేసిన వాళ్ల నాన్న యుసేబియో కట్టిన ముప్పై రెండు ఫోర్డు అది. నలభై ఏళ్లు టార్పాలిన్ కింద పడుంది. కౌంటీ బస్సుల మెకానిక్‌గా పనిచేసే గ్రసియేలా ఎనిమిదేళ్లు శని ఆదివారాలు పెట్టి దాన్ని లేపింది. ఫిబ్రవరిలో నాన్న పోయాడు. ఆమె కోరిక ఒక్కటే: ఆ వరసలో, ఆ బండి ముందు అద్దం మీద, "కట్టినవాడు యుసేబియో మోంతెహానో, 1948" అన్న కార్డు ఒక్కరోజైనా నిలబడాలి.

పొద్దున ఇంజను తిప్పితే ఆ మోతకి పక్క వరసల జనం కూడా పరిగెత్తుకొచ్చారు. రంగు వెయ్యని ఇనుము, ఎర్ర చక్రాలు, సీటు వెనక తళతళలాడే రాగి పెట్రోలు ట్యాంకు. ఒకాయన టోపీ తీసి గుండెకి ఆనించుకున్నాడు. గ్రసియేలాకి కాళ్లు నేల మీద లేవు. సరిగ్గా అప్పుడే బండి కింద వైర్ల కట్ట ఊడి వేలాడింది. ఆ కంగారులో బస్సు షెడ్డు అలవాటు కొద్దీ జేబులోంచి వైర్లు కట్టే ప్లాస్టిక్ టై తీసి బిగించేసింది. బిగించిన సంగతే మర్చిపోయింది.

జడ్జీ కర్టిస్ హోమ్‌గ్రెన్ పాత పత్రికల ఫొటోలు అతికించిన లావుపాటి ఫైలుతో వచ్చాడు. చుట్టూ తిరిగాడు, మురిసిపోయాడు. రాగి ట్యాంకు దగ్గర ఆగి పేజీలు తిప్పాడు. ఆ రోజుల్లో అందరూ యుద్ధంలో మిగిలిపోయిన విమానాల ట్యాంకులే వాడేవాళ్లట. ఇలాంటిది ఒక్క ఫొటోలోనూ లేదట. తర్వాత ఎప్పుడో పెట్టి ఉంటారు, బండిని మరుగుదొడ్ల పక్కనున్న కలగాపులగం వరసలోకి తీసుకెళ్లమన్నాడు.

"తోటలో మందు కొట్టే ట్యాంకు అది. నాన్నే పెట్టాడు."

"ఫొటో ఉందా తల్లీ?"

"తోట కూలీల దగ్గర కెమెరా ఎక్కడిదండీ?"

అంతలో అట్టముక్క నేల మీద పడ్డ చప్పుడు. ఆర్వల్ కిందకి దూరుతున్నాడు. ప్లాస్టిక్ టై అప్పుడు గుర్తొచ్చింది గ్రసియేలాకి. నలభై తొమ్మిదికి అలాంటివి పుట్టనేలేదు.

ఒక నిమిషం గడిచింది. అయిదు నిమిషాలు గడిచాయి. కింద నుంచి ప్రశ్న రాలేదు. ఆర్వల్ కింద ఉండి ప్రశ్న రాకపోవడం ఆ ఊళ్లో అదే మొదలు.

చివరికి ఆయన బయటికొచ్చి మోకాళ్లు దులుపుకున్నాడు.

"చెప్పు పెద్దాయనా, ఈ ట్యాంకు ఏ సంవత్సరంది?" అన్నాడు కర్టిస్.

"నలభై ఎనిమిది. అక్టోబరు. ఎండిపోయిన సరస్సులో పందెం, రెండు మైళ్లు దీని వెనకాలే నా బండి నడిపాను, దుమ్ము తింటూ. దీన్ని నాకంటే బాగా చూసినవాడు లేడు."

"మరి ఫొటోల్లో..."

"ఫొటోలు మా క్లబ్బువాళ్లకే తీశారు. గెలిచిన కుర్రాడు చేరతానని వస్తే, మెక్సికన్ పేరు చదివి కాగితం తిరిగిచ్చేశాం. వద్దని చెయ్యెత్తినవాళ్లలో నేనూ ఉన్నాను. విమానం ట్యాంకులు అమ్మే కొట్టువాడు అలాంటి పేర్లవాళ్లని గుమ్మం ఎక్కనిచ్చేవాడు కాదు. మీరు కొలిచేది ఆ కాలాన్ని కాదు కర్టిస్, ఆ కాలంలో కెమెరా ఉన్నవాళ్లని."

కర్టిస్ ఫైలు మూసి, కార్డు మీద ముద్ర వేసి, తన చేత్తోనే అద్దానికి తగిలించాడు. జనం చప్పట్లు కొడుతుంటే గ్రసియేలా ముసలాయన మోచెయ్యి పట్టుకుని మెల్లగా, "టాకెట్ గారూ, కింద..." అంది.

"కింద ఏముందమ్మాయ్? అంతా నలభై తొమ్మిదికి ముందుదే" అని ఆయన అట్ట చంకలో పెట్టుకుని కదిలాడు.

ఆమె టార్చి వేసుకుని తానే కిందకి దూరింది. ప్లాస్టిక్ టై లేదు. దాని చోట ముదురు గోధుమరంగు నూలుతాడు, పాతకాలపు ముడితో, బిగువుగా ఉంది. తల బయటపెట్టి చూస్తే ఆర్వల్ వరస చివరిదాకా వెళ్లిపోయాడు. తాడు లేని కుడి బూటు నాలుక వేలాడేసుకుని టపటపలాడుతోంది.

"టాకెట్ గారూ," అని కేకేసింది, "ఆ తాడు ఏ సంవత్సరంది?"

ఆయన వెనక్కి తిరగలేదు.

"నలభై ఏడు. బూట్లే యాభై మూడువి. ఎవరికీ చెప్పకు."