రిషిత పక్క కుర్చీ

మీది ఏ బడి అని అడిగితే శివపార్వతి దగ్గర జవాబు ఉండేది కాదు. ఇంగ్లండులో స్టీవెనేజ్ దగ్గరి మా చిన్న పట్నానికీ, చుట్టుపక్కల ఊళ్ళకీ కలిపి ఏడు బళ్ళు ఒకే ట్రస్టు కింద ఉండేవి. మధ్యాహ్నం పిల్లలు తినేటప్పుడు చూసుకునే మనిషి ఎక్కడ సెలవు పెడితే అక్కడికి ఈవిణ్ణి పంపేవాళ్ళం. ఎవరు ఏ రోజు ఎక్కడికెళ్ళాలో ఆ పట్టిక, రోటా, ట్రస్టు ఆఫీసులో రాసేది నేనే. సోమవారం ఒక బడి, మంగళవారం ఇంకొకటి. ఏ పిల్లకూ ఆవిడ పేరు తెలియదు. భర్త చలపతిగారికి వారమంతా న్యూకాసిల్‌లో ఉద్యోగం. పిల్లలు లేరు. గలగలా మాట్లాడే కడప మనిషి, శుక్రవారం రాత్రి ఆయన ఇల్లు చేరేదాకా నోరు మూసుకుని బతికేది.

2014 సెప్టెంబరులో రిషిత అనే నాలుగేళ్ళ పాప ఒక బడిలో చేరింది. హైదరాబాదు నుంచి వచ్చి నెల కూడా కాలేదు. వారమంతా మెతుకు ముట్టలేదు. హెడ్‌టీచరు పాస్తా పెట్టించింది, పిజ్జా పెట్టించింది, చివరికి ఇంటి నుంచి డబ్బా తెచ్చుకోమంది. అదీ అలాగే తిరిగి వెళ్ళేది.

ఆ శుక్రవారం డ్యూటీ శివపార్వతికి పడింది. డబ్బా ముందు నోరు తెరుచుకుని కూచున్న పాపను చూసి ఆవిడకు నవ్వొచ్చింది. ఇంట్లో అమ్మ కలిపి నోట్లో పెడుతుంది. ఇక్కడా ఎవరో వచ్చి పెడతారని పిల్ల ఎదురుచూస్తోంది. అంత చదువుకున్న టీచర్లకు ఈ మాత్రం తట్టలేదు! ఆవిడ చేతులు కడుక్కొచ్చి పెరుగన్నం ముద్దలు చేసి పెట్టింది. క్షణాల్లో డబ్బా ఖాళీ.

పాప తనంతట తాను తినేదాకా రోజూ ఈవిణ్ణే పంపమని హెడ్‌టీచరు నాకు మెయిల్ పెట్టింది. అలా శివపార్వతికి ఒక బడి దొరికింది, రిషిత పక్కన ఒక కుర్చీ దొరికింది. ముద్దకో కబురు చొప్పున ఇద్దరూ తెలుగులో ఊసులాడుకునేవాళ్ళు.

క్రిస్మస్ సెలవుల తర్వాత రిషిత చూపు అవతలి బల్ల మీద పడింది. అక్కడ తన క్లాసు ఆడపిల్లలు నవ్వుకుంటూ తింటున్నారు. ఒకరోజు నేను పని మీద ఆ బడికి వెళ్ళేసరికి, పాప స్పూను పట్టుకుని సొంతంగా అన్నం తీసుకుంటోంది. శివపార్వతి ఆ స్పూను మెల్లగా లాగేసుకుని ముద్ద అందించింది. నాకు ఒళ్ళు మండింది. పక్కకు పిలిచాను.

"ఏంటండీ ఇది? నేర్చుకునే పిల్లను ఆపుతారా?"

ఆవిడ తల దించుకుంది. "పాపకు తినేది వచ్చేస్తే నన్ను మళ్ళా ఊరూరు తిప్పుతారు గదా స్రవంతీ. ఈ దేశంలో నాకోసం కాసుకోనుండేది ఈ బిడ్డ ఒక్కతే."

ఆవిణ్ణి తిప్పేది నేనే. సిగ్గుపడి వచ్చేశాను.

తర్వాతి సోమవారం ఆవిడే పాప చేతికి స్పూను ఇచ్చింది. గురువారానికి రిషిత డబ్బా పట్టుకుని అవతలి బల్లకు పరిగెత్తింది. ఆవిడ వెనకాలే వెళ్ళబోతే, "నో ఆంటీ, యూ సిట్ దేర్" అందట.

శుక్రవారం శివపార్వతి నా ఆఫీసుకు వచ్చింది. ఎవరూ పిలవలేదు. హెడ్‌టీచరు ఇంకా గమనించనే లేదు. ఆవిడ నోరు మెదపకపోతే వేసవి సెలవుల దాకా ఆ బడిలోనే గడిచిపోయేది.

"పాప తింటాంది. మెతుకు మిగల్చలేదు. రాసుకో" అంది.

నేను కలం పక్కన పెట్టేశాను. ఆవిడ కళ్ళు తుడుచుకుని, కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూచుంది.

"రాయమ్మా. సోమవారం నన్ను యాడికి పంపుతావు?"