ముడతలు తీసే పెన్సిల్

మా చిన్నాయన కాశిబుగ్గలో మగ్గం నేసేవాడు. తీరిక దొరికితే ఇంట్లోనే ఫోటోలు తీసి, కడిగి, దిద్దేవాడు. బట్టలో ముడి కనబడితే ఆగని ఆ చేయి, మొహంలో ముడత కనబడినా ఆగేది కాదు. నెగెటివ్‌ను కిటికీ అద్దానికి ఆనించి, సూదిలా చెక్కిన పెన్సిల్‌తో ఒక్కో గీతనూ పూడ్చేవాడు.

"జర సాపు జేస్తాన" అనేవాడు. ఆయన సాపు చేశాక అత్తాకోడళ్లు కవల పిల్లల్లా ఉండేవారు.

నాయనమ్మ ముసలివాళ్ల పింఛనుకు దరఖాస్తు పెడితే ఫోటో ఆయనే తీశాడు. కన్నతల్లి కదా, రెండు రోజులు దిద్దాడు. ఆఫీసులో గుమాస్తా ఆ ఫోటో చూసి, "నలభై ఏండ్లు గూడ లేవు, ఈమెకు ముసలోళ్ల పింఛనెందుకయ్యా" అని కాగితాలు తిప్పి పంపాడు. చిన్నాయన ఆ మాటను వారం రోజులు వాడకట్టంతా మెప్పుగా చెప్పుకున్నాడు.

ఇంట్లో అందరం తిడితే, తనకేదో ఘోర అవమానం జరిగినట్టు మొహం పెట్టుకుని, ఇంకో ఫోటో తీసి, పెన్సిల్ తాకించకుండా ఇచ్చాడు. నాయనమ్మ దాన్ని చాలాసేపు చూసింది.

"ఎవలురా ఈ ముసల్ది" అంది. "ఇది ఆఫీసుల ఇయ్యి. మొదటిది గోడకు పెట్టు."

అలాగే చేశాం. పింఛను వచ్చింది. ఎనభై దాటాక ఆమె పోయింది. ఇంటికొచ్చినవాళ్లు దండ వేసిన ఆ ఫోటో చూసి, "అయ్యో, గింత చిన్న వయసులనే పోయిందా" అని నొచ్చుకునేవారు.

చిన్నాయన కాదనేవాడు కాదు. "ఏం జేస్తం" అని నిట్టూర్చేవాడు.