రంగు తుడిచిన చేయి

బాగేపల్లి రంగుల మునెప్ప గారు పోయారన్న కబురు చింతామణి సంతలో విన్నాను. "పొద్దున పాయెనప్పా. అద్దం తుడస్తా తుడస్తానే ఒరిగినాడంట" అన్నాడు బస్సు కండక్టరు. సంత పని అక్కడే వదిలేశాను. బాగేపల్లి వెళ్ళే అతడి బస్సే ఎక్కాను.

చిక్కబళ్ళాపురం మొదలు బాగేపల్లి దాకా ఏ ఊళ్ళో నాటకం కట్టినా ముఖాలకు రంగు వేసింది ఆయనే. పచ్చని అర్దళం, తెల్లని సఫేదు, కాటుక, కొబ్బరినూనె, ఇంతే ఆయన సామగ్రి. "రంగు ఎయ్యడం ఎవురైనా నేరుస్తారు. యాడ ఆపల్లో తెలిసేకి నాకు ఇరవై ఏండ్లు పట్టె" అనేవారు.

మదరాసు సినిమా స్టూడియోకు పిలిస్తే వెళ్ళి, నెల తిరక్కుండా వచ్చేశారు. ఎందుకని అడిగాను. "ఆడ చూసేవాళ్ళు కనపడరప్పా. ఎవురి కోసం ఎయ్యల్ల?"

ఎన్నికలప్పుడు ఒక అభ్యర్థి, కుర్రవాడని జనం లెక్కచేయడం లేదంటూ మీసం నెరిపించుకోవడానికి వచ్చాడు. "చేస్తాను సామీ. ఓటేసినోళ్ళు రేపు ఇంటికొస్తే ఏ మీసంతో పలకరిస్తావు?" అన్నారు. అతడు నల్ల మీసంతోనే తిరిగి వెళ్ళాడు.

నా సంగతీ చెప్పాలి. మాది పాతపాళ్యం దగ్గర మూడు ఊళ్ళ శిస్తు వసూలు చేసుకునే జోడిదారీ కుటుంబం. ఇనాములు రద్దయి ఊళ్ళు పోయాయి. ఊరి నాటకంలో రాజు వేషం ఒక్కటే మా ఇంటికి మిగిలిన హక్కు. ఒక ఏడు నాటకం నేర్పే మేష్ట్రు కొత్త నాటకం రాశారు: రాజ్యం పోయి గొర్రెలు కాసుకునే రాజు కథ. వేషం వదిలితే ఆ హక్కూ పోతుంది. వేస్తే మా పాత రైతుల ఎదుట గొర్రెలు కాయాలి. ఒప్పుకున్నాను గాని, రెండో అంకానికి ముందు మునెప్ప గారిని రాజు రంగు తుడవనివ్వలేదు.

"గొర్రెలు కాసినా రాజు రాజే" అన్నాను.

తెర అవతల మా పాత రైతు ఒకడు అరిచాడు: "జోడిదారప్ప ఇంకా సింహాసనం దిగలేదా? ఈడ గొర్రెలు తప్పించుకోని పోతాండాయి!" జనం గొల్లుమన్నారు.

మునెప్ప గారు నవ్వలేదు. నూనె గుడ్డ పట్టుకుని నా ఎదుట కూర్చున్నారు. "నువ్వు పోగొట్టుకునిందాన్ని చూసి నవ్వడం లేదప్పా వాళ్ళు. దాచిపెట్టేదాన్ని చూసి నవ్వుతాండారు. ముఖం ఇట్లియ్యి."

ముఖం ముందుకు వంచాను. కళ్ళు మూసుకున్నాను. పసిబిడ్డకు తుడిచినంత మెల్లగా తుడిచారు. చెవుల వెనక మాత్రం కాస్త అర్దళం వదిలేశారు. "అంత ఉండనీ" అన్నారు.

వట్టి ముఖంతో వెళ్ళి నిలబడ్డాను. ఇందాక అరిచినవాడే లేచి వచ్చి, తన భుజం మీది కంబళి తీసి నా చేతికిచ్చాడు. "కప్పుకోప్పా. గొర్రెల కాడ చలి ఎక్కువ." ఈసారి ఎవరూ నవ్వలేదు. మరునాటి నుంచి ఊళ్ళో తలెత్తి నడిచాను. అంతకుముందు నడిచింది మెడ బిగించి.

బాగేపల్లిలో బస్సు దిగి వెళ్ళేసరికి మునెప్ప గారిని వాకిట్లో కూర్చోబెట్టి ఉన్నారు. విభూతి పెట్టబోయిన ఆయన కొడుకు ఆగి, గిన్నె నా వైపు జరిపాడు. "మీరు పెట్టండప్పా, నాయనకు మీరంటే ఇష్టం" అన్నాడు. ఎవరి ముఖాన్నీ తాకి ఎరగని చేతితో మూడు గీతలు పెట్టాను. నడిమి గీత వంకర పోయింది. చుట్టూ చూశాను. దాన్ని సరిచేయగలవారు ఆ వాకిట్లో ఒక్కరూ లేరు. వంగి ఆయన పాదాలకు మొక్కాను.